చేరగానే రెండు రింగులు

ఆ తల్లికి ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. కూతురు పక్క వీధి దుకాణానికి వెళ్లినా సరే, చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వాల్సిందే. ఆ ఇంట్లో దానికో పద్ధతి ఉంది. రెండు రింగులిచ్చి పెట్టేస్తే క్షేమంగా చేరినట్టు. మూడు రింగులైతే, "చేరాను కానీ ఏదో ఇబ్బంది, నువ్వే చెయ్యి" అని. కూతురు హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో పెట్టుకున్న ఏర్పాటు అది. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా పైసా ఖర్చు లేదు. అయినా పద్ధతి మారలేదు. తల్లి మారనిస్తేగా!

గలగలా మాట్లాడుతుందని చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పడ్డ ఆ కూతురు, చంద్రుడి మీదికి యంత్రాన్ని పంపే చోట ఇంజనీరు. మనుషులెవరూ లేకుండా దానంతట అదే వెళ్లి దిగే యంత్రం అది. నాలుగు కాళ్లు, ఒంటినిండా బంగారు రంగు రేకు. దర్జీ దుకాణంలో ప్యాంట్ల అంచులు కుట్టే తల్లి, ఆ ఫొటో చూసిన మొదటిసారే, "ఇంత సన్నకాళ్లతో ఎలా నిలబడుతుందే, పడిపోదూ?" అంది.

"అమ్మా, నీ నోట ఏదంటే అదే అవుతుంది! అలాంటివి అనకు," అని పిచ్చుక నవ్వేసింది.

అది దిగాల్సిన రోజు పొద్దున మాత్రం నవ్వలేదు. చెప్పులేసుకుంటుంటే తల్లి వెనకాలే నిలబడి అడుగుతోంది. తిన్నావా, డబ్బా పెట్టుకున్నావా, బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, ఒకవేళ అది పేలిపోతే మీ మీదికేమీ రాదు కదా?

"అమ్మా! ఇవాళ ఒక్కరోజు నన్ను వదిలెయ్. చేరాక రింగులూ గింగులూ ఏమీ ఇవ్వను. నువ్వూ చెయ్యకు. నీ భయం నాకంటించకు."

తలుపు దభీమని పడింది. భోజనం డబ్బా గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

తల్లి దాన్ని సంచిలో పెట్టుకుని, తన చెల్లెల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఉద్యోగుల ఇళ్లవాళ్లు చూడటానికని ఆ ఆఫీసు క్యాంటీన్లో పెద్ద తెర కట్టారు. బల్లలన్నీ గోడకు జరిపి కుర్చీలేశారు. తెర మీద లోపలి గది కనిపిస్తోంది, మూడో వరసలో పిచ్చుక. చెవులకు హెడ్‌ఫోన్లు. ఆ మొహం చూడగానే తల్లి చెల్లెలి వైపు వంగింది.

"పొద్దున దాన్ని విసిగించానే. ఆ చిరాకులో చెయ్యి వణికి ఏ మీటో నొక్కేస్తే?"

"అక్కా, అది దానంతట అదే దిగుతుందన్నారు కదా. నీ కూతురేం స్టీరింగ్ పట్టుకుని కూర్చోలేదు," అంది చెల్లెలు టీ ఊదుకుంటూ.

యంత్రం ఎత్తు తగ్గుతూ వచ్చింది. స్పీకర్లో గొంతు వంద మీటర్లంది, యాభై అంది, పది అంది. "నేల తాకింది!" అనగానే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలోనే గొంతు మారింది. "సిగ్నల్ ఆగిపోయింది. వేచి చూస్తున్నాం."

చప్పట్లు ఒక్కొక్కరివిగా ఆగిపోయాయి.

ఆ తర్వాత ఏమీ లేదు. స్పీకర్లో బుసబుసమనే రొద ఒక్కటే. తెర మీద పిచ్చుక పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది, పరీక్షా ఫలితాలప్పుడు పెట్టుకున్నట్టే. అన్నేళ్ల కష్టం నేలపాలైతే ఆ పిల్ల తట్టుకుంటుందా? తల్లి చేతిలో ఫోను చెమటకు జారుతోంది. వేలు కూతురి నంబరు మీదికి వెళ్లింది. వద్దంది కదా అని వెనక్కి తీసుకుంది. మళ్లీ వెళ్లింది. చివరికి ఫోను ఒళ్లో పడేసి, చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

ముందు వరసలో ఎవరో ఇంజనీరు తండ్రి లేచి నిలబడ్డాడు. "ఇక అంతేనమ్మా. పాపం పిల్లలు," అని కళ్లజోడు జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు స్పీకర్లో రొద మధ్య సన్నగా వినిపించింది. టుంగ్. టుంగ్. టుంగ్. ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మూడుసార్లు మోగి ఆగింది.

తల్లి ఒళ్లోని ఫోను పట్టుకుని దిగ్గున లేచింది. "చేరిందే!"

"ఏంటక్కా?"

"చేరింది! ఏదో ఇబ్బందిలో ఉంది కానీ చేరింది. మనల్నే చెయ్యమంటోంది!"

"కూర్చో, అందరూ చూస్తున్నారు," అని చెల్లెలు మోచెయ్యి పట్టి లాగింది. అంతలో తెర మీద పిచ్చుక కుర్చీలోంచి లేచి, గదిలో అందరికీ కనబడేలా మూడు వేళ్లు పైకెత్తి పట్టుకుంది. చెల్లెలు ఆ వేళ్లు చూసింది, అక్కను చూసింది, పట్టుకున్న మోచెయ్యి వదిలేసింది.

స్పీకర్లో గొంతుకు ప్రాణమొచ్చింది. యంత్రం పక్కకి ఒరిగి పడిందట. పెద్ద యాంటెన్నా మట్టిలో కూరుకుపోయిందట. పెద్దది పలకకపోతే మోగడానికి విడిగా చిన్న బ్యాటరీతో ఒక బుల్లి యాంటెన్నా ఉందట. యంత్రం నిలబడి ఉంటే రెండుసార్లు, పడి ఉంటే మూడుసార్లు మోగుతుందట. ఇప్పుడు ఇక్కడి నుంచి దాన్ని పిలిచి, పైకి తేలిన మరో యాంటెన్నాతో మాట్లాడిస్తారట.

మాట్లాడించారు. కొంతసేపటికి ఫొటో వచ్చింది. బూడిదరంగు నేల ఏటవాలుగా, ఒక సన్నకాలు ఆకాశంలోకి చాచి.

"పడిపోతుందన్నావు, పడింది. చేరాక చెప్పాలన్నావు, చెప్పింది," అంది చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ. "కన్నకూతురు వినకపోయినా అది విన్నదక్కా నీ మాట."

ఇంతలో ఒక నెరిసిన జుట్టాయన క్యాంటీన్లోకి వచ్చాడు. అక్కడందరూ పెద్దాయన అని పిలిచే ముఖ్య ఇంజనీరు. "పిచ్చుక వాళ్లమ్మగారెవరండీ?"

తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో, కళ్లు తిరిగి పడిపోయిందా?"

"లేదమ్మా, లోపల గంతులేస్తోంది. ఆ చిన్న బ్యాటరీ పెట్టాలని మీ అమ్మాయి పట్టుబట్టినప్పుడు, బరువెక్కువవుతుందని నేనే వద్దన్నాను. 'ఎంత దూరం వెళ్లినా చేరానని చెప్పకపోతే ఇంట్లోవాళ్లు ఏమైపోతారు సార్' అంది. ఇంజనీర్లు చెప్పే కారణం కాదది. కానీ నాకూ అమ్మ ఉండేది కదా, కాదనలేకపోయాను. మీకు కృతజ్ఞతలు చెప్పి వెళ్దామని వచ్చాను."

తల్లి సంచిలోని డబ్బాను తడుముకుంది. తన సణుగుడంతా కూతురు విసుక్కుంటూ ఒక చెవిన విని మరో చెవిన వదిలేస్తోందనే ఇన్నాళ్లూ అనుకుంది. ఆ పిల్ల దాన్ని మూటగట్టుకుని చంద్రుడి దాకా మోసుకెళ్లింది.

"నాకెందుకు సార్," అందామె. "చిన్నపిల్ల మాటని కొట్టిపారెయ్యకుండా విన్నారు. మీరు, మీ ఇంట్లోవాళ్లు చల్లగా ఉండాలి."

చేతిలో ఫోను మోగింది. అలవాటు ప్రకారం ఎత్తలేదు. ఒకటి, రెండు. ఆగుతుందనుకుంది. మూడో రింగు కూడా మోగి ఆగింది. వెంటనే కూతురి నంబరు నొక్కింది.

"ఏమైందే? ఎక్కడున్నావు? దెబ్బేమైనా తగిలిందా?"

"ఆకలేస్తోందమ్మా." అటు గొంతు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "డబ్బా ఇంట్లో మర్చిపోయాను. అమ్మా, పొద్దున నేను..."

"నోర్ముయ్. డబ్బా నా దగ్గరుంది, కిందికి రా. మెట్లు చూసుకుని దిగు."

సంచి భుజాన వేసుకుని నాలుగడుగులు వేసింది. తలుపు దగ్గర ఆగి, తెర మీద, పక్కకి పడ్డ యంత్రం తాలూకు ఆ సన్నకాలి వైపు తిరిగి చూసింది.

"ఏమే, అక్కడ రాత్రిళ్లు చలి చంపేస్తుందన్నారు కదా," అంది చెల్లెలితో. "దాని మీద ఏమైనా కప్పారంటావా?"