కప్పుకి కలిపిన నీళ్ళు

మా వదిన కుట్టుమిషను మీదే వాలిపోయి చచ్చిపోయింది. మిట్టమధ్యాహ్నం, ఇంట్లో, నీడలో. డాక్టరు వడదెబ్బన్నాడు. ఉయ్యాల్లో ఉన్న ఏడాది పిల్ల ఎలాగో బతికింది. వేసవి ఇంకా రెండు నెలలుంది.

ఆ ఇంటి రేకుల కప్పుకి రంగేసింది నేనే. వినండి కామ్రేడ్స్, దాచను. కరెంటు ఆదా చెయ్యాలని మున్సిపాలిటీ తన బిల్డింగులన్నిటి కప్పులకీ ఎండని తిప్పికొట్టే తెల్లటి చలవ రంగు వేయించింది. మూడు పూతలు పడితే కింద గది చల్లబడుతుంది. మున్సిపల్ ఆఫీసుకి మూడూ చిక్కగా వేశాం. మా కార్మికుల క్వార్టర్ల దగ్గరికొచ్చేసరికి, "డ్రమ్ముకి నాలుగు డ్రమ్ముల నీళ్ళు కొట్టండ్రా. ఒక్క పూత చాలు. పైకెక్కి ఎవడు చూస్తాడు?" అన్నాడు కాంట్రాక్టరు. పెయింటర్లం, ఏమవుతుందో మాకు తెలీదా? పని పోతుందని నోరు మూసుకుని కలిపాం. మా నెత్తిన మేమే నిప్పులు పోసుకున్నాం.

శవం లేవకముందే అందరం మెట్ల దగ్గర కూడాం. "నీళ్ళు కలిపింది నేను," అన్నాను. అన్న నా చెంప పగలగొట్టాడు. మళ్ళీ చెయ్యెత్తితే వీధులూడ్చే పెద్దమ్మ అడ్డమొచ్చింది.

"వీణ్ణి చంపితే కాంట్రాక్టరుకి పండగ. గది చల్లబడిందని సంతకం పెట్టిన ఇంజినీరు వస్తాడుగా పరామర్శకి? ఆ అమ్మాయి కూర్చున్న చోటే కూర్చోబెడదాం."

ఇంజినీరొచ్చాడు. తలుపేశాం. ఇరవైమందిమి చుట్టూ కూర్చున్నాం.

పావుగంటకే చొక్కా తడిసిపోయింది. "కాస్త ఫ్యానెయ్యండమ్మా."

"కరెంటు ఆదా చెయ్యాలి కద సార్," అంది పెద్దమ్మ. "ఐదు డిగ్రీలు తగ్గిందని రాశారటగా. ఏదీ, ఎక్కడ తగ్గిందో చూపించండి."

అరగంటకి ఏడ్చాడు. "నేనసలు పైకెక్కలేదు. కాంట్రాక్టరు కాగితం తెచ్చాడు, సంతకం పెట్టాను."

"అదే రాయండి."

రాశాడు. చెమట పడి అక్షరాలు అలుక్కుపోతే మళ్ళీ రాయించాం.

పోలీసులు తలుపు బద్దలుకొట్టారు. కాగితం చింపేశారు. నన్నూ అన్ననీ మెట్ల మీదుగా ఈడ్చారు. అన్న చెయ్యి విరిగింది. పెళ్ళాం ముఖం చివరిసారి చూస్తానని బతిమాలాడు. చూడనివ్వలేదు, దుర్మార్గులు.

లాకప్పులో అన్న నాతో మాట్లాడలేదు. మూడోరోజు తలుపు తెరిచి పదిహేనుమందిని లోపలికి తోశారు. మా పెయింటర్లే. మోచేతులదాకా తెల్లరంగు, దాని మీద నెత్తురు.

"మున్సిపల్ గోడౌను తాళం పగలగొట్టి రంగు తెచ్చాం. మన కప్పుకి మూడు పూతలూ పడ్డాయి. పక్క బిల్డింగు వాళ్ళు నిచ్చెనలేసి ఎక్కుతున్నారు. ఎంతమందిని పట్టుకుంటారో పట్టుకోనీ."

అన్న తలెత్తాడు. "నీళ్ళు?"

"చుక్క కలపలేదన్నా."

అన్న గోడవైపు జరిగి, నన్ను పక్కన కూర్చోమన్నాడు.