పల్లం నుంచి వెళ్ళని ఫోను

అమెరికాలోని మా వెర్మాంట్ కొండల్లో ఆఖరి మంచు మే ఇరవై దాకా పడుతూనే ఉంటుంది. అందాకా ఆగితే నెలాఖరున ఊరి హాల్లో జరిగే విందుకు పచ్చిగా తినే లెట్యూస్ ఆకు చేతికి రాదు. అందుకని ఏప్రిల్ చివర్లోనే నారు నాటేసి, చలి ముదిరే సాయంత్రాల్లో మడుల మీద పాత దుప్పట్లు కప్పుతాం. చలి ముందుగా దిగేది పల్లంలోకి, పల్లంలో ఉన్నది మా ఇల్లు. పొద్దుగూకే వేళకి మా పెరటి థర్మామీటరు నలభై ఫారెన్‌హీట్ డిగ్రీల కిందికి జారితే తెల్లారేసరికి మంచు ఖాయమని, వాలు మీదున్న పొరుగావిడ థెల్మాకి ఫోన్ చేసి చెప్పాలి. మా అత్తగారు చెప్పేది, ఆవిడ తర్వాత నేను చెబుతున్నాను.

తొమ్మిదేళ్ళుగా విందులో బల్ల మీద పెట్టే మొదటి గిన్నె థెల్మా ఆకుదే. నాది వంటింట్లోనే మిగిలిపోయేది. ఒక ఏడాది మా ఆయన ఓరిన్ ఆమె ఆకు నములుతూ, "వెన్నలా ఉంది కదూ, వినీ" అన్నాడు నాతో. నా ఆకు తినేటప్పుడు ఆ మనిషి నోట ఉప్పు ఇటు జరపమన్న మాట తప్ప ఇంకోటి రాదు. అప్పటినుంచి థెల్మా పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈసారి మే పద్దెనిమిదిన మబ్బు లేదు, గాలి లేదు. సాయంత్రం ఆరింటికే ముప్పై ఎనిమిది. రేడియోలో చలి ఊసే ఎత్తలేదు. నా మడులకి దుప్పట్లు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి లోపలికొచ్చాను. ఫోను పక్కనే కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీశాను. ఫోన్ మాత్రం చెయ్యలేదు.

తెల్లారేసరికి నేలంతా తెల్లబడింది. నా ఆకు బతికింది. థెల్మా ఆకు ఉడికినట్టు నల్లగా వాలిపోయిందని ఉత్తరాలు తెచ్చే ఆవిడ చెబితే, అయ్యో అన్నాను. లోపల మాత్రం పండగ చేసుకున్నాను.

విందులో మొదటి గిన్నె నాదే. అందరూ మెచ్చుకుంటుంటే ఎవరో థెల్మాని, చలి సంగతి వినీ నీకు చెప్పలేదా అని అడిగారు. 

"పాపం, ఆ పూట వాళ్ళ ఫోను పనిచెయ్యలేదు. లేకపోతే చెప్పకుండా ఉంటుందా?" అంది థెల్మా.

గిన్నెలు కడిగే చోట ఆమెని పట్టుకున్నాను. ఫోను పనిచెయ్యలేదని నీకెవరు చెప్పారని అడిగాను.

"ఎవరూ చెప్పలేదు. తెల్లారగానే ఓరిన్ దాంట్లోంచే చేశాడు, నా ఆకు దక్కిందా అని. బాగానే మోగింది," అంది, గిన్నె తుడుస్తూ. "ఊళ్ళో నీ పరువు తీస్తే నా ఆకు తిరిగొస్తుందా, వినీ?"

సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట. చచ్చాను కూడా, తర్వాత. ఆ క్షణాన మాత్రం నన్ను కొరికింది ఇంకొకటి. తెల్లారగానే లేచి, మా మడుల మీద దుప్పటైనా ఎత్తి చూడకుండా, ఓరిన్ ముందుగా అడిగింది ఆమె ఆకు గురించి.