తలుపు లేని హోటల్

మా నీళ్ల మలుపు ఊరుగా పుట్టిన ఊరు కాదు. ఘాట్ ఎక్కేసరికి లారీల ఇంజన్లు కాగేవి. వాటిలో పోసుకోవడానికి అజీముద్దీన్ తండ్రి మలుపులో ఒక నీళ్ల డ్రమ్ము పెట్టాడు. డ్రైవర్లు ఎలాగూ ఆగుతున్నారని పక్కనే చాయ్ పొయ్యి వెలిగించాడు. తర్వాత మా బాపు పంక్చర్ దుకాణం వేశాడు. ఆ వెనక దాబాలు, కిరాణాలు, ఒక మసీదు, ఒక చర్చి వచ్చాయి. మా చరిత్ర అంతే.

ఆ హోటల్‌కు తలుపు లేదు. రాత్రీ పగలూ పొయ్యి ఆరకపోతే తలుపుతో పనేముంది? తండ్రి జనాజా లేచిన రోజు కూడా అజీముద్దీన్ నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టి వెళ్లాడు. తలుపు పెడితే హోటల్ చచ్చినట్టేనని ఆ ముసలాయన మాట. కొడుక్కి అది మతంతో సమానం.

నాలుగు వరుసల రోడ్డు ఊరి మధ్య నుంచే పోతుందని, దుకాణాలన్నీ కూలగొడతామని అధికారులు గోడల మీద ఎర్ర గుర్తులు పెట్టారు. అజీముద్దీన్ ముందుండి మమ్మల్నందరినీ రోడ్డు మీద కూర్చోబెట్టాడు. వానలో తడిశాం, లాఠీలు తిన్నాం, చివరికి గెలిచాం. ఒక్క గోడా ముట్టుకోం, రోడ్డునే ఊరవతలి చేల మీదుగా తిప్పుతాం అన్నారు. టపాకాయలు కాల్చాం. కొరివితో తల గోక్కుని సంబరం చేసుకున్న వెధవలం మేమే. దుకాణాలు మిగిలాయి, రోడ్డు పోయింది.

కొత్త రోడ్డు తెరిచాక మా వైపు లారీ తొంగిచూడలేదు. అక్కడికి పోదామంటే పొడుగూతా ఇనుప కంచె, డబ్బా కొట్టు పెట్టనివ్వరు. దాబాల వాళ్లు సామాన్లు ఎత్తుకుని పోయారు. నాకు ట్రాక్టర్ టైర్లు దిక్కయ్యాయి. అజీముద్దీన్ మాత్రం పొయ్యి ఆర్పలేదు. కెటిల్ పట్టుకుని చేల గట్ల మీద నడిచి ఆ కంచె దగ్గర నిలబడేవాడు. లారీలు దుమ్ము కొట్టి పోయేవి. చూస్తే నాకు కడుపు మండేది, అతని మీద కాదు, మా అందరి తెలివి మీద.

మొన్న అతను కంచె దగ్గరికి పోయిన సమయం చూసి, అతని భార్య సుల్తాన్ బీ వడ్రంగి మొగిలిని పిలిచి తలుపు బిగించమంది. భైంసా పత్తి జిన్నింగ్ మిల్లులో తమ ఇద్దరికీ పని మాట్లాడిందట.

"పొయ్యి నేనే ఆర్పిన ఫిలిప్. ఆయన నామీద లేస్తె నువ్వు జర అడ్డముండు," అంది.

ఆర్పిందనగానే నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడలేదు.

అజీముద్దీన్ నిండు కెటిల్‌తో తిరిగొచ్చాడు. తలుపు చూశాడు. లోపలికి పోయి పొయ్యి చూసి వచ్చాడు. అరుస్తాడని నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను. మొగిలి అలవాటు కొద్దీ గడియను లోపలివైపు పెట్టి కొలుస్తున్నాడు.

"లోపలికి కాదు మొగిలీ, బయటికి కొట్టు. లోపల ఉండెటోళ్లు ఎవలున్నరు?" అన్నాడు అజీముద్దీన్.

తర్వాత కెటిల్ వంచి మాకందరికీ చాయ్ పోశాడు. చల్లారిపోయి ఉంది. కాచుకుందామంటే ఊళ్లో ఇంకో చాయ్ పొయ్యి లేదు.