క్లాక్ చిప్ తప్పేం లేదు

ఆదివారం ఇల్లు ఊడ్చేటప్పుడు మా ఆయన టేబుల్ దగ్గర మాత్రం చీపురు ఆడించకూడదు. దుమ్ము లేస్తుందట. ఆ టేబుల్ మీద ఆయన చిన్నప్పటి కంప్యూటర్ మూత విప్పుకుని పడి ఉంటుంది. సవతి అంటే మనిషే అయి ఉండాలని ఎవరన్నారు? దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మూడు నెలలుగా దానికి జబ్బు. స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. లోపలి చిప్పులన్నిటినీ ఒకే లయలో నడిపించే క్లాక్ చిప్ పోయిందని ఆయన తేల్చారు. ఒకటి మార్చారు, రెండోది మార్చారు, ఇప్పుడు మూడోది. మెత్తటి బ్రష్‌తో తుడుస్తారు, ఎక్కడ వేడెక్కుతోందో వేలితో తడిమి చూస్తారు, ఏ రోజు ఎలా ఉందో నోట్‌బుక్కులో రాస్తారు. అవే మూడు నెలలుగా నా కుడి భుజం పైకి లేవడం లేదు. "వేడినీళ్లు పోసుకో, అదే పోతుంది" అన్నారు తలెత్తకుండానే. అత్తయ్యతో అంటే, "తాగుడా, తిరుగుడా? ఇంటిపట్టున కూర్చుని ఏదో చేసుకుంటుంటే దానికీ ఏడుపేనా?" అంది. ఏడుపే. దాచుకోవడమెందుకు?

పెళ్లికి ముందు ఆరేళ్లు రేడియోల కంపెనీలో బోర్డులకు టంకం పెట్టాను. "ఇంట్లో చేతినిండా పనుంటే బయట ఆ పొగ పీల్చడమెందుకు?" అని మాన్పించారు. అక్కడ మా సూపర్‌వైజరమ్మది రోజూ ఒకటే పాట: "చిప్పును తిట్టేముందు కాళ్లకు టంకం సరిగ్గా అంటుకుందో లేదో చూడండే!"

ఆ వేళ మూడో చిప్పుకు టంకం పెట్టి స్విచ్ వేశారు. నేను కాఫీ ఇవ్వడానికి వెళ్లేసరికి ఆయన మోచెయ్యి బోర్డు మూలకు ఆనింది. తెర ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ఆయన చూడలేదు, మూడో చిప్పును తిట్టడంలో ఉన్నారు. నేను వంగి చూశాను. చిప్పు పక్కనే చిన్న రేకు డబ్బీలాంటి క్రిస్టల్. చిప్పుకు లయ అందించేది అదే. దాని కాలి చుట్టూ టంకం వెంట్రుకంత సన్నగా చిట్లి ఉంది.

"చిప్పు బాగానే ఉందండీ. ఇదిగో, ఇక్కడ చిట్లింది."

"నీకు తెలీదులే. ఆ కప్పు అక్కడ పెట్టకు."

పోనీలే అని వెళ్లిపోవచ్చు. ఇంకో మూడు నెలలు వెతుక్కుంటారు. అంత కుళ్లూ నాలో ఉంది. కానీ కరిగిన టంకం వాసన ముక్కుకు తగిలాక చేతులు ఊరుకోలేదు. ఆ పెట్టె పాపం ఏం చేసింది? నేను కుళ్లుకుంటున్నది, ఎవరూ పిలవకుండా, ఎవరూ లేపకుండా ఒక్క పని మీద పూటంతా కూర్చోగలిగిన ఈ మనిషిని చూసి.

"లేవండి" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, లేచారు. ఆయన కుర్చీలో కూర్చుని, స్విచ్ ఆపి, పాత టంకం కరిగించి తీసేసి, కొత్తది పెట్టాను. ఐదు నిమిషాల పని. మళ్లీ స్విచ్ వేస్తే తెర నీలంగా వెలిగి, అక్షరాలు వచ్చాయి.

ఆయన చిన్నపిల్లాడిలా గెంతి, స్నేహితుడికి ఫోన్ చేశారు. "దొరికిందిరా! చిప్పు కాదు, క్రిస్టల్ కాలు! మొత్తానికి పట్టేశా!"

పక్క గదిలోంచి అత్తయ్య, "మావాడు పట్టాడంటే వదలడు" అంది.

"నా దగ్గరా రెండు చచ్చి పడున్నాయిరా. ఎప్పుడు తెమ్మంటావ్?" స్పీకర్‌లో స్నేహితుడి గొంతు.

నేను కుర్చీలోంచి లేవలేదు. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

"వచ్చే ఆదివారం తీసుకురండి అన్నయ్యగారూ. ఇది బాగుచేసింది నేనే, అవీ నేనే చూస్తాను. ఆ పూట వంట మీ స్నేహితుడిది."