కరుణకు వడ్డించిన పచ్చిపులుసు

సామ్యూల్ ఫోనులో అన్నది ‘కర్ణా’ అని. వంటింట్లో భార్య దేవిక చెవిన పడింది ‘కరుణా’ అని. కర్ణమంటే చెవే గనుక తప్పు చెవిదే. మండింది మాత్రం కడుపు.

“నువ్వు లేకుంటే నేను బతికెటోన్నా? ఆదివారం ఇంటికి రా, కలిసి తిందాం.”

అంత మెత్తటి గొంతు దేవిక విని ఎన్నాళ్లయిందో. హోటల్లో పని అన్న ఏజెంటు మాట నమ్మి పోయిన సామ్యూల్ యుద్ధం నడుస్తున్న దేశంలో తేలాడు. గూఢచారివని పట్టుకుని జైల్లో వేశారు. విడుదలై మొన్ననే సిద్దిపేట చేరాడు. మనిషి వచ్చాడు గానీ మాట రాలేదు. ఏమైందని అడిగితే “ఏం లేదు, పండుకో” అంటాడు. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఈయన నోట్లో నువ్వుల బస్తానే నానుతోంది. ఆయన చెరలో ఉన్నన్నాళ్లూ చీర కొంగు తడిపింది తానైతే, కరుణ చూపింది ఇంకొకతా?

పక్కింటి షహజాదీకి చెప్పుకుంది. “ఆదివారం నేను గూడ వస్త. మొఖం చూడాలె గద,” అంది షహజాదీ. అత్త లచ్చవ్వ సంగతి విని గడప దగ్గరే చాప వేసుకుంది.

ఆదివారం దేవిక పచ్చిపులుసు పిసికింది. పొయ్యి ఎక్కని పులుసే గానీ, పిసికే మనిషి సలసలా ఉడుకుతోంది.

ఆటో దిగినవాడికి చెంపల దాకా మీసాలు. “నారాయణరావుపేట కర్ణాకర్. జైల్ల ఒక్క గదిల ఉన్నం,” అన్నాడు సామ్యూల్. షహజాదీ ఆటోలోకి తొంగిచూసింది. ఇంకెవరూ దిగలేదు.

దేవిక అసూయ చల్లారలేదు, జాగ మార్చుకుంది. ఆడదైతే జుట్టు పట్టుకునేది. ఈ మీసాలనేం చేయాలి? తన దగ్గర మూగబోయిన మొగుడు వాడి పక్కన గలగలా నవ్వుతున్నాడు.

కర్ణాకర్ ఒక ముద్ద తిని ఆగాడు. “వదినా, ఏమనుకోకున్రి. ఇయ్యాల నువ్వుల పొడి మరిచిన్రు.”

నిజమే, కోపంలో మరిచింది. “నా వంట నీకెట్ల ఎరుక? ఎన్నడన్న తిన్నవా?”

“రోజు తిన్న. గాడ దినానికో ఎండు రొట్టె ఇచ్చేటోళ్లు. అన్న ముట్టనిచ్చేటోడు కాదు. ముందుగాల నోటితోని వంట చెయ్యాలె. మిరపకాయలు కాల్చి, ఉప్పేసి పిసికి, చింతపండు రసం పోసి, ఆఖరుకు నువ్వుల పొడి. ఒక్కటి మరిస్తే ‘దేవిక అట్ల చెయ్యదు’ అని మల్ల మొదటికెల్లి. గప్పుడు రొట్టె. గా వంట కోసమే పొద్దు గడిపినం. వాళ్లు కొడితే మూతి పలిగి అన్నకు మాట రాని దినం నేను వండిన. తలకాయ ఊపుకుంట తిన్నడు.”

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవిక భర్త వైపు తిరిగింది. “నాకెందుకు చెప్పలే?”

“ఏడుస్తవని.”

“ఇన్ని దినాలు నవ్వుకుంట ఉన్ననా?”

ఆమె నువ్వుల పొడి డబ్బా తెచ్చి సామ్యూల్ ముందు పెట్టింది. “నోట్లె నానింది చాలు. మల్ల మొదటికెల్లి చెప్పు. ఈసారి నాకు.”

సామ్యూల్ డబ్బా మూత తీశాడు. “మిరపకాయలు...”

“గదంత సరే గని,” అంది షహజాదీ, “కరుణ ఏది?”

దేవికకు చెప్పక తప్పలేదు: ఫోను, చెవి, కరుణ, కడుపుమంట. “మా ఊళ్లె గూడ అందరు కర్ణా అనే పిలుస్తరు,” అన్నాడు కర్ణాకర్ మీసాలు తడుముకుంటూ. లచ్చవ్వకు కూడా నవ్వాగలేదు.

దేవిక కర్ణాకర్ కంచంలో పొడి చల్లింది. మొగుడికి వేసినదానికన్నా చిటికెడు తక్కువే.