పొగాకు బుగ్గ

మైపాడు ఒడ్డున వలతాడు నడుముకు చుట్టుకుని, చిన్నపోలయ్య అలవాటు చొప్పున పొగాకు ముద్ద ఎడమ బుగ్గలో దోపుకున్నాడు. ఆ బుగ్గ ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది. అంతా పొగాకు మహిమేనని నమ్మి, ఆ జాలర్ల కుప్పంలో వాళ్లు అతనికి పొగాకు బుగ్గోడని పేరు పెట్టారు. అతను కాదనలేదు. ఏటా పడవ నీళ్లలోకి దించేటప్పుడు గంగమ్మకు టెంకాయ కొట్టేది అతనే మరి. కొట్టేవాడి ఒంటిమీద పుండూ గడ్డా ఉండకూడదు. ఉంటే సముద్రం మనిషిని అడుగుతుందంటారు. మూడేళ్ల కిందట అతని అన్న గంగులయ్య ఒక్కగానొక్క కొడుకు ఆ పడవ మీదనుంచే సముద్రంలో పడి చనిపోయాడు.

ఆ పొద్దున కొత్త నైలాను వల ఒడ్డు చేరేసరికి చిన్నపోలయ్యకు ఒక్కో మనిషి ఇద్దరుగా కనిపించసాగాడు. తమ్ముడి ఎడమ కన్ను పైకి జరిగి ఉండడం గంగులయ్య చూశాడు. ఎన్నాళ్లుగా అని అడిగితే నెల అన్నాడు చిన్నపోలయ్య. అన్న అతన్ని వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరంజ్యోతి ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టింది. బుగ్గ ఎముకలో గాలి ఉండి నల్లగా కనిపించాల్సిన గుల్ల, తెల్లగా పూడుకుపోయి ఉంది. నెలలో ఇంత పెరిగితే అది రాచపుండే, సూదితో కదిలించకూడదు, మద్రాసు పంపి పైదవడ తీయించాలి అంది. తర్వాత పెదవి ఎత్తి వేలితో నొక్కింది. ఎముక గుడ్డు పెంకులా కిర్రుమని లోపలికి పోయింది. ఆమె నొసలు ముడిపడింది.

"ఈ గడ్డ ఎముకను తినలేదు, మెల్లగా పలచన చేసి బయటికి నెట్టింది. ఇది నెల రోజుల పని కాదు. ఏళ్లదైతే రాచపుండు కాకపోవచ్చు, సూది వేసి చూడొచ్చు. నిజం చెప్పు."

మంత్రసాని దగ్గర మర్మం దాచినట్టుంది చిన్నపోలయ్య సంగతి. చెబితే దవడ దక్కుతుంది. అన్న తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. చిన్నపోలయ్యకు సముద్రంలో ఎన్నడూ పుట్టని భయం అక్కడ పుట్టింది.

"ఆరేళ్లయిందమ్మా. పుగాకని అందరికీ అబద్ధం చెప్పినా."

గంగులయ్య గొంతు పెంచలేదు.

"మావోడు పోయిన పొద్దు కూడా ఉన్నిందా అది?"

"ఉన్నిందన్నా."

ఆ మాట అన్నాక తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. డాక్టరమ్మ పైపెదవి కింద సూది గుచ్చి లాగింది. నెత్తురు వస్తే అది రాచపుండేనని, దవడ పోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. నర్సు జయశీల పళ్లెం పట్టుకుని వంగి చూసింది. సూదిలోకి తేనెరంగు నీళ్లు దిగాయి.

నీటితిత్తి, ప్రాణభయం లేదు, తిత్తి ఒక్కటీ తీసేస్తే సరిపోతుంది అంది డాక్టరమ్మ. చిన్నపోలయ్యకు ఏడుపొచ్చింది. అన్నకు చెబుదామని తల తిప్పాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు.

"ఇప్పుడే పోయినాడు," అంది జయశీల. "ఇంక కుప్పానికి రావద్దని చెప్పమన్నాడు."

వరండా బల్లమీద, తమ్ముడు నమలలేడని ఎక్స్‌రే తీసేటప్పుడు గంగులయ్య ఎదుటి కాఫీ హోటల్లో అడిగి తెచ్చిన గంజి గ్లాసు ఉంది. దుమ్ము పడకుండా పైన బాదమాకు కప్పి ఉంది.