ఖాతాదారుడి ముఖం

మార్చి పద్నాలుగో తేదీ, శనివారం, ఉదయం పదిన్నర. హాజరైనవారు నలుగురు: వయొలిన్లు బాగుచేస్తూ బతికి, నాలుగు నెలల క్రితం కన్నుమూసిన పెద్దమనిషి భార్య; ఆయన కూతురు, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగిని; ఆమె భర్త, ఫొటో స్టూడియో యజమాని; ఆమె తమ్ముడు, ముప్పై దాటినా ఇంట్లో అందరికీ చిన్నోడే. స్థలం ఆయన పనిగది. జిగురు డబ్బా, ఊడదీసిన బిరడాలు, కమానుకు కట్టవలసిన వెంట్రుకల కట్ట బల్ల మీద ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని కాస్త పక్కకు జరిపి పెట్టిన లాప్‌టాప్ తెర మీద ఒకే వాక్యం ఉంది: ఖాతాదారుడు తన ముఖం చూపి తానెవరో రుజువు చేసుకోవలెను, గడువు నేటి సాయంత్రం ఆరు గంటలు.

ఖాతాదారుడు లేడు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

ఆయన పదకొండేళ్లలో రెండు వందల పన్నెండు వీడియోలు పెట్టాడు. ఒక్కొక్క దాంట్లో ఒక్కో విరిగిన వయొలిన్. ఎదురుగా ఎవరో పని నేర్చుకుంటున్నట్టు, తొందరపడకు నాయనా, జిగురుకు దాని సమయం దానికుంటుంది అని నెమ్మదిగా చెప్పుకుపోయేవాడు. చివర తీగలు బిగించి, తానే కట్టిన చిన్న బాణీ ఒకటి వాయించి, పలుకు సరిగ్గా ఉందో లేదో చూసేవాడు. ఫోనులో చోటు చాలదని, వీడియో సైటుకు ఎక్కించిన మరుక్షణం తన దగ్గరున్నది చెరిపేసేవాడు. అక్కడున్నది ఎక్కడికి పోతుందని ఆయన ధీమా. అలా ఆయన గొంతు మరెక్కడా మిగలలేదు. చూపు బాగా మందగించిన భార్య రోజూ మధ్యాహ్నం ఒక వీడియో పెట్టించుకుని, గోడకు ఆనుకుని వినేది. ఎవరైనా మాట్లాడబోతే, పనిలో ఉన్న మనిషిని పలకరించకూడదని వేలితో వారించేది.

మూడు వారాలుగా ఆ మధ్యాహ్నాలు లేవు. రెండు వందల పన్నెండూ ఒక్కసారిగా మాయమయ్యాయి.

అది చిన్నోడి నిర్వాకం. దురుద్దేశం ఇసుమంతైనా లేదు. ఎవరో కుర్చీల దుకాణం వాళ్లు తండ్రి బాణీని తమ ప్రకటనకు అతికించుకున్నారని తెలిసి అతని ఒళ్లు మండింది. బాణీలను నమోదు చేసి కాపాడే సంగీత కంపెనీ ఒకదాన్ని వెతికి పట్టాడు. స్వరకర్త పేరు రాయమన్న చోట తండ్రి పేరు రాస్తే మరణ ధ్రువీకరణ కావాలన్నారు, వారసత్వ పత్రం కావాలన్నారు. ఇన్ని గడపలు ఎవడు తొక్కుతాడని తన పేరే రాసేశాడు. నాన్న పేరైతేనేం, నా పేరైతేనేం అనుకున్నాడు. కంపెనీ యంత్రం ఆ బాణీని లోకమంతా గాలించింది. కుర్చీల దుకాణం కన్నా ముందు దానికి దొరికింది నాన్నే. పరాయి బాణీ వాడుతున్నారంటూ వీడియో సైటు పంపిన హెచ్చరికలు మూడూ, ఎవరూ తెరవని నాన్న మెయిలుకే వెళ్లాయి. మూడోదానితో ఖాతాకు తాళం పడింది.

చిన్నోడు కంపెనీతో చేసుకున్న ఒప్పందానికి సాక్షి సంతకం అక్కది.

చదవకుండా పెట్టిందని అనడానికి లేదు. ఇరవై మూడు పేజీలూ చదివింది. ఎగిరిపోయిన కామాలు రెండు, తలకట్టు లేని అక్షరం ఒకటి, రెండుసార్లు పడిన పేజీ సంఖ్య ఒకటి పట్టుకుని, మార్జిన్లో పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టింది. కంపెనీ వాళ్లు ఇంతటి నిర్లక్ష్యపు అచ్చు ఎలా పంపారా అని నొచ్చుకుంది. ఆ పేజీలు ఏం చెబుతున్నాయని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే మాత్రం నీళ్లు నమిలేది. ప్రూఫు దిద్దేవారు విషయంలో పడితే తప్పులు దాటిపోతాయి. ఇరవై ఆరేళ్లుగా ఆమె అర్థాన్ని గుమ్మం బయట నిలబెట్టి అక్షరాలను మాత్రమే లోపలికి రానిచ్చింది.

భర్త మరోసారి దారులన్నీ వివరించాడు. ఖాతాదారుడే ముఖం చూపి, బాణీ నాదేనని అభ్యంతరం చెప్పుకోవడం ఒకటి. అది కుదరకపోతే, బాణీ ఆయనదేనని వారసులు ప్రమాణపత్రం రాసివ్వడం రెండోది. అలా రాస్తే, ఇది నా సొంత సృష్టి అని చిన్నోడు కంపెనీకి ఇచ్చిన మాట అబద్ధమవుతుంది.

"పద్నాలుగో క్లాజు," అన్నాడు ఆయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "తప్పుడు వాంగ్మూలం కింద కేసు వేస్తారు. ఆ పేజీలోనే నీ పెన్సిలు గుర్తు కూడా ఉంది."

దెప్పాలని అన్న మాట కాదు. అందుకే మరింత లోతుగా దిగింది.

మూడోది కంపెనీ పంపిన కాగితం. వీడియోలు తీసివేయడానికి వారసులకు అభ్యంతరం లేదని ఈరోజు సంతకం చేసిస్తే, బాణీ ఎవరు కట్టారని కంపెనీ ఇక ఆరా తీయదు. వీడియోలు శాశ్వతంగా పోతాయి.

"మీ మామగారు బతికున్నప్పుడే ఏ ఆఫీసులోనూ మొహం చూపించలేదు అల్లుడుగారూ," అంది తల్లి. "ఇప్పుడు రమ్మంటే వస్తారా?"

ముఖం చూపడానికి వీడియో సైటు మూడు అవకాశాలు ఇచ్చింది. మామగారి ఫొటోను కెమెరా ముందు అటూ ఇటూ తిప్పి భర్త రెండింటిని తగలేశాడు. మిగిలింది ఒకటే.

చిన్నోడు లేచి, గోడకున్న మేకు నుంచి తండ్రి కళ్లజోడు తీసుకున్నాడు. జుట్టు తడిపి వెనక్కి దువ్వుకున్నాడు. తండ్రి పోలికని చిన్నప్పటి నుంచి అందరూ అన్నదే. ఇది మోసం కదా అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. కానీ ఎవరి వస్తువు కోసం ఎవరిని మోసం చేస్తున్నట్టో ఆమెకు తెలియలేదు.

అతడు తండ్రి స్టూలు మీద కూర్చున్నాడు. తెర మీద గుండ్రటి గీత వెలిగింది. తల ఎడమకు తిప్పమంది, తిప్పాడు. కుడికి తిప్పమంది, తిప్పాడు. ఆ తిప్పడంలో, వయొలిన్ కోసం దవడ కింద చోటు చేసుకునే ఆ చిన్న వంపులో, ఆమెకు నాన్న కనిపించాడు. ఒక్క క్షణమే, కానీ పూర్తిగా.

"ఏమంటోందిరా?" అంది తల్లి.

ముఖం సరిపోలలేదు అంటోంది. అవకాశాలు ముగిసినవి అంటోంది. భర్త ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించి లాప్‌టాప్ మూత దించాడు.

కళ్లజోడు తియ్యకుండానే చిన్నోడు అక్క వైపు తిరిగాడు. "అక్కా, ప్రమాణపత్రం రాయి. నాన్నదేనని రాయి. నా తంటా నేను పడతాను."

ఆమె నిజంగానే కాగితం తీసి, కలం మూత విప్పింది. పై వరుసలో తండ్రి పేరు రాసింది. తరువాతి వాక్యంలో తమ్ముడి పేరు రావాలి. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఒకవైపు సంతకం పెడితే తమ్ముడు చిక్కుకుంటాడు, మరొకవైపు పెడితే ఆ గొంతు పోతుంది. ఏ వైపు పెట్టినా దాని కింద తన సంతకం ఉంటుంది.

"ఆపవే," అంది తల్లి. కలం చప్పుడు ఆగిపోవడం ఆవిడకు వినబడింది. "ఆయన గొంతు కోసం వీణ్ణి కోర్టు మెట్లెక్కించనా? అంత బతుకూ బతికి ఇదా నేను చేసేది? ఆ కంపెనీ కాగితం ఇలా తే. తెచ్చి చదువు. చదవడమంటే, ఈసారి నాకు అర్థమయ్యేట్టు."

ఆమె చదివింది. ప్రతి వాక్యం దగ్గర ఆగి, అది దేన్ని తీసుకుపోతోందో మామూలు మాటల్లో చెప్పింది. ఇకపై ఎన్నడూ ఏ హక్కూ కోరబోము అన్నచోటికి వచ్చేసరికి తల్లి ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదమ్మా, అంతే అంది ఆమె. మధ్యాహ్నాలకు ఏం చేయాలో ఇక చూసుకోవాలి అంది తల్లి, ఎవరితోనూ కాదు.

తల్లి వేలు పట్టి గీత మీద పెడితే, ఆవిడ సంతకం ఏటవాలుగా కిందికి జారింది. చిన్నోడు సంతకం చేసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అల్లుడు సాక్షిగా చేశాడు. చివర ఆమె చేసింది. కంపెనీకి పంపడానికి భర్త ఫోనులో ఫొటో తీసుకున్నాక, ఆమె కాగితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, మరణ ధ్రువీకరణ పత్రం ఉన్న కవరులోనే దూర్చి, సొరుగులో పెట్టి మూసింది.